సుక్రా కలపని మాట

నవంబరు 4, మంగళవారం

వాట్సాప్ గ్రూపులో మళ్ళీ రగడ. ఈసారి రిసార్టు రోడ్డు గురించి. ఒకడు ఇంకొకడి తల్లిని తిట్టాడు. రెండోవాడు, నీ ఇల్లు నాకు తెలుసు, వచ్చి నరుకుతానన్నాడు. మధ్యలో ఎవరో చర్చి పాట పెట్టారు.

నలుగురు నాకు విడిగా రాశారు. తాళం వేసేయండి శామ్యూల్ గారూ, వార్తలు మీరొక్కరే పెట్టండి, మేం చదువుకుంటాం... వేయనన్నాను. ఈ లోయలో నేను పాతికేళ్ళుగా రిపోర్టరుని. అన్నాళ్ళూ అధికారులు మాట్లాడారు, జనం విన్నారు. ఇప్పుడు జనం మాట్లాడుతున్నారు. బూతులతో సహా మాట్లాడనీ.

మా ఆవిడ రత్నం బడి నుంచి వచ్చి, ఫోను తీసుకుని చదివింది. "ఈ నోళ్ళు ఎప్పుడో మనింటికే వస్తాయి, సూసుకో" అంది. చెప్పులు కూడా విప్పలేదు అప్పటికి.

పేపరు నాకు డబ్బిచ్చేది వార్తకింత అని. గ్రూపు నా సొంతం. సరదా... కాదు, ఆ మాట కొట్టేయాలి. బాధ్యత? అదీ కాదు. వదిలేద్దాం.


నవంబరు 6, గురువారం. సాయంత్రం, ఆసుపత్రి వరండా

వరసగా రాస్తాను. వరస తప్పితే తర్వాత నాకు నేనే అబద్ధం చెప్పుకుంటాను.

9.15 — డుంబ్రిగుడ నుంచి ఫోన్. ఒక తల్లి. బడి గోడ పక్కన గోనె సంచితో కొత్త మనిషి, పిల్లలకు బుడగలు ఇస్తున్నాడు. "సంచిలో ఏటుందో ఎవులికి తెలుసు బాబూ."

9.25 — కానిస్టేబుల్‌కు చెప్పాను. చూస్తానన్నాడు.

9.40 — గ్రూపులో పెట్టాను. నాలుగు వాక్యాలు. "డుంబ్రిగుడ బడి వద్ద గోనె సంచితో గుర్తు తెలియని వ్యక్తి. పిల్లలకు బుడగలు ఇచ్చి మాట్లాడాడు. పోలీసులకు సమాచారం అందింది. తల్లిదండ్రులు అప్రమత్తంగా ఉండాలి."

11.50 — కానిస్టేబుల్. "వాడు జుట్టు కొనేవాడు సార్. పాచిపెంట వైపు మనిషి. ఆడవాళ్ళ రాలిన జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలు ఇస్తాడు. ఏటీ లేదు."

11.55 — సవరణ పెట్టాను. "అతడు జుట్టు వ్యాపారి. భయపడవలసిన పని లేదు." సుక్రాకు విడిగా కూడా పంపాను. ఒక్క టిక్కు. అంటే అందలేదు.

సుక్రా ఊరు ఈతపుట్టులో సిగ్నల్ లేదు. ఊరి పైన బండ మీద నిలబడితే ఫోన్ పలుకుతుంది. సుక్రా పొద్దున పశువులతో ఎక్కుతాడు, మెసేజీలు దింపుకుని దిగుతాడు. ఊరి బారికి అతడు. ఊరి పెద్ద మాటను వీధుల్లో కేకేసి చెప్పడం తాతల నాటి నుంచి వాళ్ళింటి పని. మూడేళ్ళ కిందట కొండ విరిగిపడి ఘాట్ రోడ్డు మూసుకుపోయినప్పుడు నేనే అడిగాను — నా మెసేజీలు కూడా కేకెయ్యి సుక్రా, ఉన్నదున్నట్టు, ఒక్క మాట కలపకు. ఊరి పెద్ద ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో నా వార్తను చదివేవాళ్ళు లేరు. దాన్ని వింటారు, విని బయటికి వస్తారు. బారికి మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకూ గుమ్మం దాటని మనిషి మీద తప్పు పడుతుంది, ఊరికి కోడి పెట్టాలి. బయటికి వచ్చేవాళ్ళు చేతిలో ఏదుంటే దానితోనే వస్తారు. ఈ కాలంలో చేతుల్లో ఉండేవి కొడవళ్ళు, గొడ్డళ్ళు.

12.30 — సుక్రా కేకేశాడు.

12.45 — జుట్టు మనిషి అదే ఊరి మొగదలకు నడిచి వచ్చాడు. భుజాన సంచి, చేతిలో బుడగలు.

2.20 — నాకు ఫోన్.

ఇప్పుడు లోపల బల్ల మీద ఉన్నాడు. కుడి కన్ను ఉండాల్సిన చోట నర్సు గుడ్డ పెట్టింది. గుడ్డ నిలవడం లేదు, కింద ఎముక లేదు. విశాఖ పంపుతారట. ఊపిరి ఉంది. రోడ్డవతల వలిసె పూల తోటలో టూరిస్టులు ఫొటోలు దిగుతున్నారు. అంబులెన్సు హారన్ విని పక్కకు జరిగారు, మళ్ళీ నిలబడ్డారు.

5.10 — సుక్రాకు పంపిన సవరణకు రెండో టిక్కు పడింది. ఇప్పుడు అందింది.


నవంబరు 7, శుక్రవారం

వీడియో వచ్చింది. నా గ్రూపులోకే. తీసినవాడు బండ ఎక్కి మరీ పంపాడు. పోలీసులకు ఒక కాపీ పంపి, గ్రూపులోంచి తీసేశాను. ఆ లోపు మూడుసార్లు చూశాను.

ఊరి నడుమ రాయి దగ్గర. మొదట తోపులాట. "ఎవుడివిరా? ఏ ఊరు? సంచిలో ఏటి?" అతడు చేతులు జోడిస్తున్నాడు. "జుట్టు బాబూ, జుట్టు. గిన్నెలోన్ని. మీ ఊరికి మా ఆడది వొస్తాది, నాను కాదు, మా ఆడది..." చెంప మీద ఒకటి. ఇంకొకటి. కొట్టినవాళ్ళు ఇంతవరకు ముగ్గురు. ఇవి మనిషి బతికి బయటపడే దెబ్బలు.

అప్పుడు ఒకడు కొడవలితో సంచి కోశాడు. జుట్టు పడింది. నల్లది, నెరిసింది, ఎర్రబారింది, ఉండలు ఉండలుగా. ఒక ఆడగొంతు — "పిల్లల జుట్టే తల్లోయ్! పిల్లల్ని సంపీసినాడు!" అక్కడ చప్పుడు మారుతుంది. అరచేతి చప్పుడు పోయింది. కావిడి బద్ద. గొడ్డలి మొద్దు వైపు. రాయి. పడ్డవాడి నోట్లో ఒకడు జుట్టు కుక్కాడు. "తిను! తిను!" మోకాలి మీద బద్ద పడినప్పుడు అతని నోటి నుంచి అరుపు రాలేదు. నోటి నిండా జుట్టు. మణికట్టుకు ఒక బుడగ ఇంకా కట్టి ఉంది. ఎవరో దాన్ని కూడా పొడిచారు. అది పేలితే జనం ఒక్క క్షణం ఆగారు.

తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు.

సుక్రా ఒక మూల కనిపిస్తాడు. రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. ఏమిటో వినపడదు.


నవంబరు 8, శనివారం

ఉదయం 6.10. చనిపోయాడు. పేరు అప్పలస్వామి.

పేపరుకు పదకొండు లైన్లు పంపాను. "వదంతుల నేపథ్యంలో" అని డెస్క్ చేర్చింది. వదంతి ఎవరిదో వాళ్ళు అడగలేదు. నేనూ రాయలేదు.

మధ్యాహ్నం గ్రూపు తెరిచాను. గురువారం నా నాలుగు వాక్యాల కింద జనం రాసినవి మాయమవుతున్నాయి. ఈ మెసేజ్ తొలగించబడింది. ఈ మెసేజ్ తొలగించబడింది. నేను చూస్తుండగానే ఇంకోటి. ఏ రోజు మాటలు ఆ రోజు ఫైల్లో దాచుకోవడం నా అలవాటు. నా దగ్గర ఉన్నాయి అన్నీ. "కాళ్ళు విరగ్గొట్టండి." "సంచిలో కిడ్నీలు అంట." "దొరికితే వీడియో మర్చిపోవద్దు." "పోలీసులకిస్తే రేపే బయటికొస్తాడు. అక్కడే తేల్చేయండి" — ఇది రామ్మూర్తి మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు.

మిగిలింది నాది ఒక్కటే. దాని మీద వేలు పెట్టి చూశాను. పైన చెత్తబుట్ట బొమ్మ వచ్చింది.

వేలు తీసేశాను.


నవంబరు 9, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఈతపుట్టు.

పోలీసులు తెల్లారే వచ్చి వెళ్ళారు. కుండలు పగిలి ఉన్నాయి. తిండికి దాచుకున్న చోళ్ళు వాకిట్లో పోసి బూట్లతో తొక్కారు. ఒక ముసలాయన చెయ్యి మణికట్టు దగ్గర పక్కకు వేలాడుతోంది, ఆయన దాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, నన్ను చూసి కూడా లేవలేదు. మగవాళ్ళు కొండెక్కేశారు. ఊరి పెద్ద కూడా. ముసలివాళ్ళు కాక ఎక్కనివాడు సుక్రా ఒక్కడే, అతణ్ణి పట్టుకుపోయారు.

బుద్రి, సుక్రా భార్య: "పారిపో అన్నాను బాబూ. బారికి ఎల్లిపోతే ఊరికి నోరు ఉండదు అన్నాడు. ఈ రాయి మీదే కూకున్నాడు. నోటి మీదే కొట్టినారు లాఠీతోని. కేకేసింది నువ్వే గదరా, ఇప్పుడెయ్యి కేక, అని ఒకటి, ఇప్పుడెయ్యి అని ఇంకోటి. పళ్ళు అల్లక్కడున్నాయి, సూడు."

చూశాను. రెండు. రాయి పక్కన, రక్తం ఎండిన మట్టిలో.

"నువ్వు సెప్పిందే గదా అతగాడు సెప్పినాడు?"

"అవును" అన్నాను. గట్టిగానే అన్నాను. వినడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.


నవంబరు 10, సోమవారం

రామ్మూర్తి మాస్టారికి ఫోన్ చేశాను. విశాఖలో కూతురింట్లో ఉన్నారు.

"మాస్టారూ, గురువారం మీరు రాసింది నా దగ్గరుంది."

"ఏం రాశాన్నేను?"

చదివాను.

"అది నా అభిప్రాయమయ్యా. అభిప్రాయం చెప్పకూడదా? గ్రూపుకు తాళం వేయనని పెద్ద ఉపన్యాసమిచ్చింది నువ్వే గదా."

"అక్కడే తేల్చేయండి అన్నారు."

"నేను సోఫాలో కూర్చుని రాశాను. నా చేతిలో కర్ర ఉందా? చెప్పు శామ్యూల్, కర్ర ఉందా?"

లేదు. ఆయన చేతిలో ఎప్పుడూ కర్ర ఉండేది కాదు, మంచి మాస్టారని పేరు. వీడియోలో గొడ్డలి తిప్పినవాడు ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాడు.

"ముందు నువ్వు రాసింది చూసుకో" అని పెట్టేశారు.


నవంబరు 11, మంగళవారం

గౌరమ్మ. అప్పలస్వామి భార్య. డుంబ్రిగుడలో బస్సు ఆగే చోట, టీ కొట్టు బల్ల మీద. కాలికి కట్టు. పోలీసులిచ్చిన గోనె సంచి ఒళ్ళో. ఖాళీది, కోసినది.

ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. రాసుకోకపోతే ఏం చేయాలో తెలియక.

"ఈతపుట్టుకి నానే ఎల్తాను బాబూ. ఆరేళ్ళయి. ఇంటింటికీ నా గిన్నెలున్నాయి. ఆడోళ్ళందరి పేర్లూ నాకు తెలుసు, ఎవుల జుట్టు ఎంత రాలుద్దో తెలుసు. కాలు బెణికింది. నువ్వు కూకోవే, నానెల్తాను అన్నాడు. పొద్దున్నే ఈ ఊళ్ళో ఆడోళ్ళ దగ్గర జుట్టు కొన్నాడు, ఆ సంచిలోది ఈలదే. పిల్లలదేటి! బుడగలు నానే కట్టిచ్చినాను. పిల్లలొస్తే ఎనకాల తల్లులొస్తారు, యాపారం అలగే సెయ్యాలి, సిగ్గుపడకు, నవ్వు మొకం పెట్టు, అని నానే సెప్పినాను..."

టీ చల్లారిపోయింది. కొట్టతను ఇంకోటి తెచ్చిపెట్టాడు.

"ఫోన్లో ఎవులో రాసినారంట గదా బాబూ. ఎవులు?"

"కనుక్కుంటున్నాం" అన్నాను.

రిపోర్టరు మాట. అబద్ధం.


నవంబరు 12, బుధవారం

కోర్టు ఆవరణ. కేసులో పదకొండు మంది, దొరికింది ఒక్కడే. సుక్రా ఒకటో ముద్దాయి, అతని కేకతోనే మొదలైందని. మూడు పిలుపులు పిలిచి జనాన్ని కూడగట్టాడని రాశారు.

జీపు ఎక్కించే ముందు దగ్గరకు వెళ్ళాను. పై పెదవి ముక్కు దాకా వాచింది. మాట గాలిలా వస్తోంది.

"పేపరు బాబూ. నాను ఒక్క మాటైనా కలిపినానా?"

"లేదు."

"మరి ఈలకి సెప్పు."

"చెబుతాను."

"మూడో పిలుపు పిలవనేదు బాబూ. రెండే. ఆడు వొస్తన్నాడు అప్పటికే, బుడగలట్టుకుని, నవ్వుకుంటా. పిల్లల్ని ఎత్తుకెల్లీవోడు అలగ నవ్వుకుంటా రాడు గదా... అని ఆగిపోయినాను. ఆలు ఆగనేదు. ఒగ్గీయండి, ఒగ్గీయండి అని అరిసినాను. గొంతు పోయినట్టు అరిసినాను. బారికి మాట మా ఊళ్ళో ఎవులూ ఇనకుండా లేరు బాబూ, మా తాత కాలం కాణ్ణించి. అదే మొదులు."

పోలీసు అతని మెడ మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు. తల ఇనుప కడ్డీకి తగిలింది. ఆ చప్పుడు.


నవంబరు 13, గురువారం

డెస్క్ ఇన్‌చార్జి: "గ్రూపు మీ సొంతం శామ్యూల్ గారూ. పేపరు పేరు ఎక్కడా రాకూడదు. ఫాలో-అప్ కూడా వద్దు." పాత స్నేహితుడే. గొంతు తగ్గించి, "నోరు మూసుకో బాబూ కొన్నాళ్ళు" అన్నాడు.


నవంబరు 14, శుక్రవారం

నాలుగు వాక్యాలూ తెల్ల కాగితం మీద రాసుకున్నాను. వేరేవాడి కాపీ దిద్దినట్టు చూశాను.

ఒకటి. నిజం. రెండు. నిజం. మూడు — పోలీసులకు సమాచారం అందింది. నిజమే. అందించింది నేను. ఆ వాక్యం రాసుకోవడానికే పదిహేను నిమిషాల ముందు ఫోన్ చేశాను. ఆ వాక్యం ఉంటే వార్తకు బరువు వస్తుంది. ఈ పని ఇంతకు ముందూ చేశాను. పేపరులో అందరూ చేస్తారు.

నాలుగోది వార్తే కాదు. ఆజ్ఞ. పాతికేళ్ళుగా ప్రతి వార్త తోకకూ తగిలిస్తున్నాను, చేయి దానంతట అదే రాస్తుంది. పట్నంలో చదివితే అది ఖాళీ మాట. బారికి నోటి నుంచి వస్తే ఊరి పెద్ద ఆజ్ఞ. ఆ తేడా నాకు తెలుసు. ఆ ఏర్పాటు చేసింది నేనే.

రాయనిది ఐదోది: నేను ఆ మనిషిని చూడలేదు. బడి దగ్గరకు బండి మీద ఇరవై నిమిషాలు. వెళితే అతడు నాకు సంచి విప్పి చూపించేవాడు. వెళ్ళలేదు. రెండో టీ తాగాను.

అందులో ఒక్క విశేషణం లేదు. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి.


నవంబరు 15, శనివారం

సి.ఐ. ముందు కూర్చున్నాను. ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఆలోచించుకోండి శామ్యూల్ గారూ. మీ స్టేట్‌మెంట్ రాసుకుంటే మీ పేరు కూడా కేసులో చేరుతుంది. సాక్షిగా కాదు."

"తెలుసు."

"అయినా మీరొక్కరు చెబితే చాలదు. మీ ఏర్పాటు ప్రకారమే కేకేశాడు, రెండు పిలుపులకే ఆపాడు, కొట్టొద్దని అరిచాడు — ఇది ఆ ఊరివాళ్ళు చెప్పాలి. మీరు అక్కడ లేరు కదా. వాళ్ళేమంటున్నారో తెలుసా? సుక్రా కేకేశాడు, అంతే తెలుసు, అంటున్నారు. అందరూ అదే మాట."

ఎందుకంటున్నారో నాకు అర్థమైంది. ఆపమని అరిచాడని చెబితే, విని ఆగనిది ఎవరో చెప్పాలి.

బుధవారం బెయిలు వాదన. ఆ లోపు ఒక్కరైనా ముందుకొస్తే సుక్రా తరఫు లాయరు చూసుకుంటానన్నాడు. రాకపోతే సుక్రా హంతకుల్లో మొదటివాడిగా లోపలే ఉంటాడు.

సంతకం పెట్టాను.


నవంబరు 16, ఆదివారం

పొద్దున గ్రూపులో పెట్టాను. "ఆరో తేదీ నాలుగు వాక్యాలూ నేను రాశాను. మనిషిని చూడకుండా రాశాను. సుక్రా వాటిని ఉన్నదున్నట్టు కేకేశాడు, ఏమీ కలపలేదు. అప్పలస్వామి ఏ తప్పూ చేయలేదు. శామ్యూల్."

అరగంటకు నోళ్ళు తెరుచుకున్నాయి.

"హంతకుడు." "జర్నలిస్టులందర్నీ ఇలాగే ఉరి తియ్యాలి." "చేతులు నరికితే మళ్ళీ రాయడు." ఒకడు మా ఇంటి ఫొటో పెట్టాడు, గేటు రంగు కనబడేలా. ఆరో తేదీ "కాళ్ళు విరగ్గొట్టండి" అని రాసి తొలగించినవాడు మళ్ళీ రాశాడు. అదే మాట. ఈసారి నా కాళ్ళు.

ఫోన్లో ఒక్క బటన్ నొక్కితే తాళం పడుతుంది. పన్నెండు రోజుల కిందట వేయకూడదని నాకు తెలుసు. ఇప్పుడు తెలియదు. తెలియకుండా వేయకూడదు. వేయలేదు.

నాలుగింటికి రాయి వచ్చింది. ముందు గది కిటికీ. రత్నం అక్కడ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. నుదుటి మీద తెగింది, కనుబొమ్మ నుంచి జుట్టు దాకా. రక్తం పుస్తకం మీద పడుతోంటే ముందు పుస్తకం పక్కకు జరిపింది. బయటికి పరిగెత్తాను. బండి వెళ్ళిపోయింది. ఇద్దరు. వెనకవాడు తిరిగి చూసి చెయ్యి ఊపాడు. మా చర్చి కుర్రవాడే.

కుట్లు వేయించి వచ్చాం. గాజు ఏరుతుంటే రత్నం అంది, "రేపు ఈ కట్టుతోనే ఎల్తాను బడికి. పిల్లలు అడుగుతారు."

"జరిగింది చెప్పు."

"నాను సెప్పను. నువ్వొచ్చి సెప్పు."

చీపురు కోసం లేచాను. తనే మళ్ళీ, "అడుగు సూసి వెయ్యి, అక్కడింకా ముక్కలున్నాయి" అంది.


నవంబరు 17, సోమవారం

గౌరమ్మకు చెప్పాను. అదే టీ కొట్టు. రాసింది నేను, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను, అని.

కొట్టింది. చేత్తో, చెంపల మీద, నోటి మీద. కళ్ళజోడు ఎగిరిపోయింది. కొట్టతను అడ్డం రాబోతే, "నువ్వు తప్పుకో, ఇది నా బాకీ" అని అరిచింది. చేతులు అలిసిపోయేదాకా. తర్వాత బల్ల మీద కూలబడి, సంచి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

పక్కన నిలబడ్డాను. వెళ్ళమంటే వెళ్దామని.

సుక్రా సంగతి చెప్పాను. పళ్ళ సంగతి. ఆపమని అరిచాడన్న సంగతి. సాక్ష్యం అడగడానికి రేపు ఈతపుట్టు వెళ్తున్న సంగతి. సంచి దించి విన్నది.

"ఒక్కడైనా ఒగ్గీయమన్నాడా?"

"అన్నాడు."

సంచి మడత పెడుతూ, "ఆ ఊరికి బేగి ఎల్లాలి అయితే. రేపు ఎన్నింటికి?"


నవంబరు 18, మంగళవారం. ఈతపుట్టు. ఊరి నడుమ రాయి మీద

గౌరమ్మ నా పక్కనే కూర్చుంది, కాలు చాపుకుని. కొండ ఎక్కుతూ మూడు చోట్ల ఆగింది. మోస్తానంటే వద్దంది.

వీధిలో ఎవరూ లేరు. తలుపులు వేసి ఉన్నాయి. పొయ్యిల పొగ వస్తోంది, అంటే లోపల ఉన్నారు. జుట్టు ఇంకా ఉంది. వానకు తడిసి రాళ్ళ సందుల్లో అంటుకుపోయింది. ఎవరూ ఊడ్వలేదు. ముట్టుకోలేదనుకుంటాను. గౌరమ్మ చూసింది. చూపు తిప్పుకుని, మళ్ళీ చూసింది.

బుద్రిని అడిగాను, బారికి లేనప్పుడు వేరేవాళ్ళు పిలవచ్చా అని.

"బారికి ఇంటి మనిషి పక్కన నిలబడితే పిలుపే. నాను నిలబడతాను." కాస్త ఆగి, "తప్పు పిలిస్తే మాత్తరం నిన్ను నానే కొడతాను, పేపరు బాబూ."

మొదటి పిలుపు పిలిచాను. నాకు కేకేయడం రాదు. గొంతు మధ్యలో విరిగింది. పక్కింట్లో ఎవరో నవ్వారు, వెంటనే ఆపుకున్నారు. — ఆ రోజు మాట నాది. సుక్రాది కాదు. సుక్రా ఒగ్గీయమని అరిచాడు. విన్నవాళ్ళు రండి, విన్నామని చెప్పండి, రేపు కోర్టు.

ఎవరూ రాలేదు.

గౌరమ్మ కూర్చున్న చోటి నుంచే మొదలుపెట్టింది. "ఏటే లచ్చిమీ, ఆ తలుపెనకాలే ఉన్నావు, నీ దగ్గు నాకు తెల్దా! నా మూత గిన్నెలో కూడొండుకుంటన్నావా? సోమారీ, నీ కూతురి పెళ్ళికి నా గిన్నెలే గదే పెట్టినావు! నాను గౌరమ్మనే. నవ్వుకుంటా వొచ్చినోడు నా మొగుడే. ఒక్కడు ఒగ్గీయమన్నాడంట. ఆ ఒక్కణ్ణీ లోపలెట్టించి మీరు తలుపులేసుకున్నారేటే?"

ఒక ఇంట్లో గిన్నె కింద పడిన చప్పుడు. ఎవరూ తీయలేదు.

రెండో పిలుపు పిలిచాను. ఈసారి గొంతు నిలిచింది.

ఊరి పైన కాఫీ తోటలో కదలిక. మగవాళ్ళు. మొక్కల మధ్య నుంచి చివరి వరస దాకా దిగి ఆగారు. తొమ్మిది మంది... పది. ఊరి పెద్ద తలపాగా గుర్తుపట్టాను. ముందున్నవాడి చేతిలో గొడ్డలి. వీడియోలో వాడే. ఊరికే పట్టుకున్నాడా, ఎత్తి పట్టుకున్నాడా, ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. దిగి వస్తే విన్నామని చెప్పడానికి రావచ్చు. ఈ రాయి దగ్గర ఇంకో మనిషిని పడుకోబెట్టడానికీ రావచ్చు. వాళ్ళకు కూడా ఇంకా తెలియదనుకుంటాను.

లక్ష్మి తలుపు జానెడు తెరుచుకుంది. మనిషి కనబడలేదు.

"మూడోది పిలువు" అంటోంది బుద్రి. "పిలువు బాబూ, ఆగితే పిలుపు పాడైపోద్ది."

చేతిలో పెన్ను ఉంది. అందుకే ఇది రాశాను. గొడ్డలివాడు ఒక అడుగు కిందికి వేశాడు.

పుస్తకం గౌరమ్మకిచ్చి లేస్తున్నాను.